పాఠం ఉచితమైంది, చదువు ఇంకా కాలేదు

(ఎల్.బి. నగర్‌లో తల్లిదండ్రులు, విద్యార్థులు, కార్యకర్తలతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువుకు దూరమైనవారికి డిజిటల్ సాంకేతికత ఏ మేరకు తోడ్పడగలదో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఈ అంశం మీద మనం తరచుగా రెండు మాటలు వింటుంటాం. చేతికి ఫోన్ వచ్చింది కనుక ఇక చదువు అందరిదీ అయిపోయిందని కొందరంటారు. ఫోన్ పిల్లలను పాడుచేస్తోంది కనుక దాన్ని లాక్కుంటే సరిపోతుందని మరికొందరంటారు. ఈ రెండు మాటలూ విషయంలో సగాన్నే చూస్తున్నాయి. పేదింటి బిడ్డ చదువుకు నాలుగు కావాలి: పాఠం, కూర్చునే చోటు, చదివే సమయం, 'ఎంతవరకు వచ్చింది' అని అడిగే మనిషి. ఫోన్ వీటిలో మొదటిదాన్ని దాదాపు ఉచితం చేసింది. మిగిలిన మూడూ ఇప్పటికీ డబ్బున్నవారికే దొరుకుతున్నాయి. ఆ మూడింటినీ మన బస్తీలకు ఎలా తెచ్చుకోవాలన్నదే ఈరోజు నేను మీ ముందు పెట్టదలచిన విషయం.

దిల్‌సుఖ్‌నగర్ అమ్ముతున్నదేమిటి?

అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. మలక్‌పేట దాటాక న్యూ మార్కెట్, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, చివరన ఎల్.బి. నగర్. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు రెండు వైపులా బోర్డులే బోర్డులు. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, సాఫ్ట్‌వేర్ కోర్సులు, ఇంగ్లిష్ మాట్లాడడం. వాటి వెనుక వీధుల్లో హాస్టళ్ళు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, నాగర్‌కర్నూల్ వైపు పల్లెల నుంచి వచ్చిన వేలాది యువతీ యువకులు ఆ గదుల్లో సర్దుకుని ఉంటారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు.

ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆ కోచింగ్ కేంద్రాల్లో చెప్పే పాఠాల్లో చాలా భాగం ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. మరి పల్లెలో ఉన్న కాస్త పొలాన్ని తాకట్టు పెట్టి మరీ తల్లిదండ్రులు ఇక్కడ ఫీజు ఎందుకు కడుతున్నారు? వారు అమాయకులు కారు. వారు కొంటున్నది పాఠాన్ని మాత్రమే కాదు. ఉదయం ఫలానా వేళకు వచ్చి కూర్చోవాలనే నియమాన్ని కొంటున్నారు. పక్కన అదే పరీక్షకు చదువుతున్న నలుగురి తోడును కొంటున్నారు. వారం వారం పరీక్ష పెట్టి మార్కులు చెప్పే ఏర్పాటును కొంటున్నారు. రెండు రోజులు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషిని కొంటున్నారు.

ఇప్పుడు అదే రోడ్డు వెనుక మన ఇళ్ళకు రండి. మలక్‌పేట, సైదాబాద్, మూసారాంబాగ్, సరూర్‌నగర్ వైపు ఇరుకు గల్లీల్లో, మెకానిక్ షాపులో పానా పట్టుకున్న పదహారేళ్ళ కుర్రాడి జేబులోనూ ఫోన్ ఉంది. పదో తరగతితో చదువు ఆగిపోయి ఇంట్లో చీరలకు మగ్గం పని చేస్తున్న అమ్మాయి కూడా తమ్ముడి ఫోన్ అప్పుడప్పుడు చూస్తుంది. కోచింగ్ హాలులో కూర్చున్నవాడికి దొరికే పాఠమే వీరికీ దొరుకుతుంది. కానీ ఒక్కటే గది ఉన్న ఇంట్లో, టీవీ మోగుతుండగా, పని నుంచి అలసి వచ్చి, ఎవరూ అడగని చదువును ఎవరు ఎన్నాళ్ళు చదవగలరు? పిల్లలకు శ్రద్ధ లేదని మనం తొందరపడి తీర్పు చెబుతుంటాం. లేనిది శ్రద్ధ కాదు, వసతి.

లెక్కలు చెప్పే సంగతి

2006 నవంబర్‌లో వచ్చిన సచార్ కమిటీ నివేదికను మనం సభల్లో చాలాసార్లు తలచుకుంటాం. అందులో రెండు అంకెలు మరిచిపోకూడదు. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖం చూడనివారు, లేదా చూసి మానేసినవారు. మదర్సాలకు వెళ్ళే పిల్లలు సుమారు 3 శాతమే. మన పిల్లలు మదర్సాల వల్ల వెనుకబడ్డారని అనేవారికి ఈ రెండు అంకెలే జవాబు. వారిని బడికి దూరం చేసింది మదర్సా కాదు, పేదరికం. తెలంగాణ ఏర్పడ్డాక జి. సుధీర్ అధ్యక్షతన నియమించిన విచారణ సంఘం 2016లో ఇచ్చిన నివేదిక కూడా ఈ వెనుకబాటునే మళ్ళీ నమోదు చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో మనం 12.7 శాతం. ఇంత పెద్ద సమూహం చదువులో వెనుకబడితే ఆ నష్టం రాష్ట్రమంతటిదీ.

ఇక సాంకేతికత లెక్క. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో నూటికి సుమారు 24 ఇళ్ళకే ఇంటర్నెట్ సౌకర్యం ఉంది. కంప్యూటర్ పట్టణాల్లో 23.4 శాతం ఇళ్ళల్లో, పల్లెల్లో 4.4 శాతం ఇళ్ళల్లో మాత్రమే ఉంది. ఆ తర్వాత డేటా చౌకై పరిస్థితి కొంత మారింది. కానీ ఆ మార్పు ఎవరి చేతికి అందిందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఇంటర్నెట్‌ను ఒక్కసారైనా వాడినవారు 26.5 శాతం. హైటెక్ సిటీ ఉన్న రాష్ట్రంలో అప్పటికి నలుగురు స్త్రీలలో దాదాపు ముగ్గురు ఇంటర్నెట్ వాడి ఎరుగరు. 'ఇంట్లో ఫోన్ ఉందా' అన్న ప్రశ్న చాలదు. 'ఆ ఫోన్ ఆడపిల్ల చేతిలో ఎంతసేపు ఉంటుంది' అని అడగాలి.

కరోనా కాలం ఈ అంతరాన్ని అందరి కళ్ళకూ కట్టింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. అది అవసరమైన పనే. కానీ ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒక్క టీవీ, ఒక్క ఫోన్ ఉంటే ఏ బిడ్డ పాఠం వినాలి? చాలా ఇళ్ళల్లో ఆ పోటీలో మొదట వెనక్కి తగ్గింది ఆడపిల్లే. అదే ఏడాది నవంబర్‌లో షాద్‌నగర్ నుంచి వెళ్ళి ఢిల్లీలో గణితం చదువుతున్న ఒక ప్రతిభావంతురాలు, ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేక, స్కాలర్‌షిప్ వేళకు అందక, కుటుంబానికి భారం కాలేనని రాసి ప్రాణం తీసుకుంది. ఆమె మన మతం కాదు, కానీ మన జిల్లా బిడ్డ. పేదరికానికి మతం లేదని చెప్పడానికే ఈ విషాదాన్ని గుర్తుచేస్తున్నాను. మనం అడిగే ఏ వసతి అయినా పక్కింటి దళిత బిడ్డకూ, వలస కూలీ బిడ్డకూ అందేదిగానే ఉండాలి.

ఈ నగరానికి ఇది కొత్త కాదు

తలుపులు తెరిచే పనిలో హైదరాబాద్‌కు పెద్ద చరిత్ర ఉంది. ఇక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో నెలకొంది. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను స్థాపించి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ఇంగ్లిష్ రానంత మాత్రాన వైద్యం, ఇంజనీరింగ్ చదవకూడదా అన్న ప్రశ్నకు ఆనాడు ఈ నగరం ఇచ్చిన జవాబు అది. 1982లో మొదలైన దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ నగరంలోనే ఉంది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యతోనే తన పని ప్రారంభించింది. ఆ విశ్వవిద్యాలయపు మీడియా కేంద్రం తయారుచేసిన ఉర్దూ వీడియో పాఠాలు నేడు ఎవరైనా చూడవచ్చు.

ఈ చరిత్రలో ఒక సూక్ష్మం ఉంది. సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు ఇంటికి పంపింది, రేడియోలో పాఠాలు చెప్పింది. అయినా ఊరూరా అధ్యయన కేంద్రాలు పెట్టింది. ఎందుకంటే పాఠం ఇంటికి చేరినా, విద్యార్థి వచ్చి కూర్చుని సందేహం అడగడానికి ఒక చోటు కావాలని దాన్ని నిర్మించినవారికి తెలుసు. రేడియో కాలంలో నిజమైన ఆ మాట ఫోన్ కాలంలోనూ నిజమే.

ఇక భాష సంగతి. మన సమాజంలో ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లలున్నారు. నల్గొండ, ఖమ్మం పల్లెల నుంచి వచ్చిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలకు ఇంటి భాషా బడి భాషా తెలుగే. ముస్లిం అనగానే ఉర్దూ పాఠం చాలని ప్రభుత్వం అనుకోకూడదు. తెలుగు పాఠం ఉంది కదా అని ఉర్దూ బిడ్డను వదిలేయనూ కూడదు. రెండు భాషల్లోనూ పాఠం ఉండాలి, రెంటి నుంచీ ఇంగ్లిష్‌కు దారి ఉండాలి.

నేడు అందుబాటులో ఉన్నవేమిటో ఒకసారి చెప్పుకుందాం. పోటీ పరీక్షలకు, పాఠశాల తరగతులకు టి-సాట్ నిపుణ, విద్య చానళ్ళు. పాఠశాల పాఠాలకు 2017లో కేంద్రం ప్రారంభించిన దీక్ష. కళాశాల స్థాయికి అదే ఏడాది వచ్చిన స్వయం. ఇవన్నీ ప్రజల సొమ్ముతో తయారైనవి, ఉచితమైనవి. అన్నిటికన్నా ముఖ్యంగా తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం. 14 ఏళ్ళు నిండినవారు పదో తరగతికి, 15 ఏళ్ళు నిండి పది పాసైనవారు ఇంటర్‌కు అందులో చేరవచ్చు. చదువు మానేసి పదిహేనేళ్ళయిన తల్లి కూడా చేరవచ్చు. వేలకు వేలు వసూలు చేసే ప్రైవేటు యాప్‌ల వెంట అప్పు చేసి పరుగెత్తనక్కర లేదు. ఆకాశానికెత్తిన బైజూస్ వంటి సంస్థే 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది.

ఆడపిల్ల చేతిలో ఫోన్

తల్లిదండ్రులారా, ఇక్కడ మీ భయాన్ని నేను తక్కువ చేయను. 2021 జూలైలో, 2022 జనవరిలో ముస్లిం మహిళల ఫోటోలను దొంగిలించి యాప్‌లలో 'వేలం' పేరిట పెట్టి అవమానించిన సంగతి మనందరి గుండెల్లో గాయంగా ఉంది. చదువుకున్న, గొంతెత్తిన స్త్రీలనే వారు లక్ష్యం చేసుకున్నారు. ఆ భయంతో అమ్మాయి చేతిలోని ఫోన్ లాక్కుంటే ఎవరు గెలిచినట్లు? ఆమె నోరు మూయించాలనుకున్నవారే గెలిచినట్లు.

2019 సెప్టెంబర్ 19న కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు మీరు తెలుసుకోవాలి. కోళికోడ్ ప్రాంతంలో కళాశాల హాస్టల్‌లో ఉంటున్న ఒక ముస్లిం విద్యార్థిని, సాయంత్రం వేళల్లో ఫోన్ అప్పగించాలన్న నిబంధనను ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపివేశారు. ఆమె కోర్టుకు వెళ్ళింది. ఫహీమా షిరిన్ కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యంలో, ఇంటర్నెట్‌ను అందుకునే హక్కు విద్యాహక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణం కింది గోప్యత హక్కులోనూ భాగమని న్యాయస్థానం చెప్పింది. ఆమెను తిరిగి చేర్చుకోమంది. హక్కుల గురించి మాట్లాడే మనకు ఆ అమ్మాయి పాఠం చెప్పింది.

అలాగని బిడ్డకు ఫోన్ ఇచ్చి వదిలేయమని నేను చెప్పడం లేదు. రోడ్డు దాటడం నేర్పినట్లే ఇదీ నేర్పాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, తెలియని లింకు తెరవకూడదని, ఎవరైనా బెదిరిస్తే దాచకుండా ఇంట్లో చెప్పాలని నేర్పాలి. చెప్పిన బిడ్డను తిట్టకూడదని మనమూ నేర్చుకోవాలి. 2014 నుంచి హైదరాబాద్‌లో షీ టీమ్స్ ఉన్నాయి. సైబర్ ఆర్థిక మోసమైతే 1930కి ఫోన్ చేయవచ్చు. ఈ విషయాలు ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

వెబ్‌సైటు గడప

డిజిటల్ అనగానే పాఠాలే గుర్తుకొస్తాయి. కానీ మన బిడ్డలు ఎక్కువగా జారిపడుతున్నది దరఖాస్తు దగ్గర. డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లోనే. స్కాలర్‌షిప్ ఈ-పాస్‌లో. బీసీ-ఈ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో. ఒక గడువు తప్పితే ఒక సంవత్సరం పోయినట్లే.

మన పేర్ల చిక్కు మరొకటి. పదో తరగతి మెమోలో మహమ్మద్, ఆధార్‌లో ఎండీ, బ్యాంకు పుస్తకంలో మొహమ్మద్. ఒకచోట బేగం ఉంటుంది, మరొకచోట ఉండదు. ఉర్దూ నుంచి ఇంగ్లిష్‌లోకి గుమాస్తా ఎలా రాస్తే అదే పేరైపోయింది. మనిషి చూస్తే ఇద్దరూ ఒకరేనని గ్రహిస్తాడు, యంత్రం తిరస్కరిస్తుంది. ఆ తిరస్కారాన్ని సరిచేసుకోవడానికి రోజు కూలి వదులుకుని తిరగలేక ఎందరో ఆగిపోతున్నారు. కాబట్టి తొమ్మిదో తరగతిలోనే, బోర్డు పరీక్షకు పేర్లు వెళ్ళకముందే, ప్రతి బిడ్డ కాగితాలనూ ఒకచోట పెట్టి సరిచూడండి. ఒక్క సాయంత్రం పని, కొన్నేళ్ళ బాధను తప్పిస్తుంది.

మన చేతుల్లో ఉన్న పని

మిత్రులారా, నా ప్రతిపాదన చిన్నది. ప్రతి మొహల్లాలో ఒక చదువు గది. పెళ్ళిళ్ళ రోజుల్లో తప్ప తాళం వేసి ఉండే షాదీఖానా ఉంది. మసీదు పై అంతస్తు ఉంది. మదర్సాలో మధ్యాహ్నం ఖాళీగా ఉండే గది ఉంది. అందులో ఒక పెద్ద తెర, నాలుగు పాత కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు, ఒక హాజరు పుస్తకం చాలు. పాఠాలను ముందే దింపి ఒక హార్డ్ డిస్క్‌లో ఉంచుకుంటే రోజంతా నెట్ అవసరం లేదు. పాత యంత్రాల మీద లినక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. దాన్ని తెలుగులో అందించడానికి స్వేచ్ఛ సంస్థ ఈ నగరంలోనే ఏళ్ళుగా కృషి చేస్తోంది.

జుహర్ తర్వాత అసర్ వరకు బాలికలకు, గృహిణులకు. అక్కడ బాధ్యురాలు తప్పనిసరిగా స్త్రీయే కావాలి. పనికి వెళ్ళే కుర్రాళ్ళకు ఇషా తర్వాత గంటన్నర. ఆదివారం చిన్న పరీక్ష. రెండు రోజులు రానివారి ఇంటికి ఒకరు వెళ్ళి అడగడం. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, దానికి డబ్బు అక్కర్లేదు. సార్వత్రిక విద్యాపీఠంలో పేరు నమోదు, ఫీజు గడువు, హాల్ టికెట్, దోస్త్ దరఖాస్తు ఇవన్నీ ఆ గదిలోనే జరగాలి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న యువకులు వారానికి రెండు గంటలు ఇవ్వగలరు. చెప్పినవాడికి తన పాఠమూ గట్టిపడుతుంది.

బద్ర్ యుద్ధంలో పట్టుబడినవారిలో చదువు వచ్చినవారు మదీనాలోని పదిమంది పిల్లలకు రాయడం, చదవడం నేర్పితే దాన్నే వారి విమోచన మూల్యంగా దైవప్రవక్త (స) స్వీకరించారని మన చరిత్ర చెబుతోంది. శత్రువు దగ్గరి విద్యనైనా బిడ్డల కోసం తీసుకున్న సమాజం మనది. బాకీ తీర్చుకోవలసిన చదువరులు ఈ సభలో ఎందరున్నారో ఆలోచించండి. ఖర్చు విషయంలో ఏ పనికి జకాత్, ఏ పనికి సదఖా వాడవచ్చో మీ ఉలమాలను అడిగి నిర్ణయించుకోండి.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

మనం పని చేస్తున్నామంటే ప్రభుత్వానికి సెలవు ఇచ్చినట్లు కాదు. 6 నుంచి 14 ఏళ్ళ బిడ్డల చదువు రాజ్యాంగం 21-ఏ అధికరణం కింద హక్కు. బడి బయట ఉన్న బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. కనుక నాలుగు విషయాలు అడుగుదాం.

ఒకటి. ఆస్తిపన్నుతోపాటు మనం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి చట్టం ప్రకారం అది గ్రంథాలయాలకే చెందాలి. మలక్‌పేట నుంచి ఎల్.బి. నగర్ దాకా గ్రంథాలయాల్లో కంప్యూటర్లు, వైఫై, రాత్రి వరకు తెరిచి ఉంచే ఏర్పాటు, స్త్రీలకు విడిగా చోటు కావాలి.

రెండు. మైనారిటీ గురుకులాల్లో ఉన్న కంప్యూటర్ గదులను సెలవు రోజుల్లో, బడి మానేసిన బస్తీ పిల్లల కోసం తెరవాలి.

మూడు. టి-సాట్ పాఠాలు ఉర్దూలో తెలుగుతో సమానంగా, వేళ తప్పకుండా రావాలి.

నాలుగు. 1 నుంచి 8 తరగతుల మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఆపివేసింది. అదే 2022 డిసెంబర్‌లో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ నిలిపివేసింది. రెండింటినీ పునరుద్ధరించాలి. ఏడాదికి వెయ్యి, రెండు వేలు మీకు చిన్న మొత్తం కావచ్చు. ఒక ఇంట్లో అది బిడ్డ బడికి వెళ్ళడానికీ షాపుకు వెళ్ళడానికీ మధ్య ఉన్న తేడా.

విక్టోరియా మెమోరియల్ అని మెట్రో స్టేషన్ పేరు రోజూ వింటుంటాం. నిజాం కాలంలో అనాథ పిల్లల కోసం వెలసిన ఆశ్రమం పేరు అది. దిక్కులేని బిడ్డకు కూర్చుని చదువుకునే చోటు చూపడం ఈ నేల మీద ఎప్పుడో మొదలైన పని. దాన్ని మనం కొనసాగిస్తే చాలు.

వచ్చే జుమా నాటికి ఒక పని చేయండి. మీ గల్లీలో పది తర్వాత చదువు మానేసిన అబ్బాయిలు ఎందరు, అమ్మాయిలు ఎందరు, ఎవరు ఏ తరగతిలో ఆగారో ఒక నోటు పుస్తకంలో రాయండి. మాకు తెలిసినవాళ్ళేలే అని వదిలేయకుండా ఇంటింటికీ వెళ్ళి అడిగి రాయండి. ఆ పుస్తకం చేతికి వచ్చాక ఎన్ని కుర్చీలు కావాలో, ఏ పాఠాలు కావాలో, ఏ అధికారి దగ్గరికి వెళ్ళాలో అదే చెబుతుంది. ఇన్షా అల్లాహ్, మళ్ళీ కలిసినప్పుడు ఆ పేర్లు చదువుకుందాం.